చెరువు గట్టు కెమెరాలకు 8525 83 కోడు: ఒక కస్టమ్స్ వర్గీకరణ కేసు

నేపథ్యం

కాకినాడలో ఉంటూ ఎగుమతి, దిగుమతి సరుకుల కస్టమ్స్ పనులు చూస్తాను. డెల్టాలో ఈ వృత్తిలో ఉన్నవాళ్ల చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లేది బియ్యం, గడ్డకట్టించిన రొయ్య, ఎరువులు, నూనెలు, మిల్లు యంత్రాలు. ఎలక్ట్రానిక్ సరుకు తక్కువ. ఆ తక్కువలో కొన్నేళ్లుగా పెరుగుతున్నవి కెమెరాలు. ఈ కేసులో వచ్చిన ప్రశ్న ఇంకొందరు వ్యాపారులకు కూడా ఎదురవుతుంది కాబట్టి రాసిపెడుతున్నాను. జవాబు చట్టంలోనే ఉంది. అయినా దాన్ని అధికారి బల్ల మీదకు చేర్చడానికి చాలా శ్రమ పడవలసి వచ్చింది. వ్యాపారి ఊరు, సరుకు సంఖ్యలు, సరఫరాదారు పేరు, సరుకు నిలిచిన గోదాము వివరాలు వదిలేశాను.

వ్యాపారిది పశ్చిమ డెల్టాలో ఒక పట్టణం. మొదట రొయ్యల చెరువులకు ఏరియేటర్లు (నీటిని చిమ్ముతూ గాలి కలిపే చక్రాల యంత్రాలు), మోటార్లు, స్టార్టర్లు అమ్మేవారు. తర్వాత రైతులు అడగడంతో కెమెరాలు పెట్టారు. చెరువు మీద కెమెరా అంటే దొంగల కోసమేనని బయటివాళ్లు అనుకుంటారు. పట్టుబడికి ముందు వారాల్లో దొంగతనం భయం నిజమే. కానీ రైతుకు అంతకన్నా పెద్ద భయం ఏరియేటర్ ఆగిపోవడం. రాత్రిపూట నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు, పైగా వాడుకుంటుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఆ గంటల్లో రెండు ఏరియేటర్లు ఆగితే, గట్టు మీద మనిషి నిద్రలో ఉంటే, పొద్దున్నే రొయ్య తేలిపోతుంది. అందుకని రైతు ఇంట్లో పడుకుని ఫోనులో చూసుకోవాలనుకునేది చక్రాలు తిరుగుతున్నాయా, నీళ్లు చిమ్ముతున్నాయా అన్నదే. చీకట్లో చూపించని కెమెరా ఆయనకు అక్కరలేదు.

ఆ అవసరం కోసం ఈ వ్యాపారి చైనా నుంచి నేరుగా సరుకు తెప్పించుకున్నారు. ఒకే కన్‌సైన్‌మెంట్‌లో నాలుగు రకాలు. మొదటివి మామూలు బుల్లెట్ కెమెరాలు, లెన్సు చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు ఉన్నవి. రెండోవి తక్కువ వెలుతురులో కూడా రంగుల్లో చూపించేవి, బజారులో ‘స్టార్‌లైట్’ అని పిలిచేవి. మూడోవి కొన్ని థర్మల్ కెమెరాలు, అంటే వెలుతురును కాక వస్తువుల వేడిని పట్టి చిత్రం చూపించేవి. పుష్య మాసపు మంచులో ఎల్‌ఈడీ వెలుతురు మంచు బిందువుల మీద పడి తిరిగి లెన్సులోకే వస్తుంది, తెర అంతా తెల్లగా మారుతుంది. పెద్ద చెరువుల వాళ్లు అందుకే థర్మల్ అడిగారు. నాలుగోవి వీటన్నిటినీ రికార్డు చేసే ఎన్‌వీఆర్ పెట్టెలు.

వచ్చిన చిక్కు

సరఫరాదారు ఇన్వాయిస్‌లో మొత్తం కెమెరాలన్నిటినీ ఒకే వరుసలో ‘నైట్ విజన్ కెమెరా’ అని రాసి, పక్కన 852583 అనే ఆరంకెల కోడు వేశాడు. విశాఖపట్నం రేవులో పని చూసిన బ్రోకరు ఆ కోడునే తీసుకుని బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి ప్రకటన పత్రం) వేశారు. అసెస్‌మెంట్ అధికారి నుంచి క్వెరీ వచ్చింది: ఇందులో వాడిన ఇమేజ్ ఇంటెన్సిఫయర్ ట్యూబు (కాస్త వెలుతురును ఎన్నో రెట్లు పెంచి చూపించే గొట్టం) ఏ తరానిది, తయారీదారు ఎవరు, సరుకును చివరికి ఎవరు, దేనికి వాడతారు?

వ్యాపారికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. చెరువు గట్టు మీద పెట్టే కెమెరాకు, సైనికులు వాడే గొట్టానికి ఏమిటి సంబంధం అని ఆయన అడిగారు. అధికారి వైపు నుంచి చూస్తే మాత్రం ఆ ప్రశ్నలో తప్పు లేదు. ప్రకటించిన కోడు సరిగ్గా అలాంటి గొట్టమున్న కెమెరాలది. ఆ దశలో నన్ను పిలిచారు. రికార్డులో బ్రోకరు మారలేదు. సమాధానాలు ఆయన లాగిన్ నుంచే వెళ్లాయి, రాసే బాధ్యత నాకు అప్పగించారు.

ఆ కోడు కథ కొంత చెప్పాలి. ఆరంకెల వరకు ఈ కోడ్‌లు ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసినవి, దాదాపు అన్ని దేశాలకూ ఉమ్మడి. 2022కు ముందు టెలివిజన్ కెమెరాలు, డిజిటల్ కెమెరాలు, వీడియో కెమెరా రికార్డర్లు అన్నీ 8525 80 కింద ఉండేవి. 2022 జనవరి 1 నుంచి ఆ ఉపశీర్షికను నాలుగుగా విడగొట్టారు. అత్యంత వేగంగా చిత్రాలు తీసే కెమెరాలు 8525 81, అణుధార్మికతను తట్టుకునేవి 8525 82, నైట్ విజన్ కెమెరాలు 8525 83, మిగతావన్నీ 8525 89. మన టారిఫ్ కూడా అదే రోజు మారింది. ఈ నాలుగింటిలో మొదటి మూడింటికీ 85వ అధ్యాయం మొదట్లో ఉపశీర్షిక నోట్లు పెట్టి, ఏవి వస్తాయో నిర్వచించారు. మొదటి నోటు సెకనుకు 2,25,000 ఫ్రేములకు మించిన వేగం వంటి కొలతలు చెబుతుంది. మూడో నోటు మనది. అందుబాటులో ఉన్న వెలుతురును ఫోటోకాథోడ్ (వెలుతురు తగిలితే ఎలక్ట్రాన్లను వదిలే పూత) ద్వారా ఎలక్ట్రాన్లుగా మార్చి, వాటిని పెంచి, కంటికి కనిపించే చిత్రంగా చేసే కెమెరాలే 8525 83 కిందకు వస్తాయని అంటుంది. అదే నోటు థర్మల్ కెమెరాలను బయట పెట్టి, అవి సాధారణంగా 8525 89 కిందకు వెళ్తాయని కూడా చెబుతుంది.

నోటు చదివినప్పుడే మన సరుకు 8525 83 కాదని నాకు తెలిసిపోయింది. మిగిలింది దాన్ని రుజువు చేయడం.

తొలి నిర్ణయం: కోడు మార్చాలా, వదిలేయాలా

వ్యాపారి మొదటి మాట ఇదే: “డ్యూటీ ఎంత పడితే అంత కట్టేద్దామండీ. వాళ్లడిగిన కాగితమేదో ఇచ్చి సరుకు బయట పడేయండి. గోదాము అద్దె రోజురోజుకూ పెరుగుతోంది.”

ఆయన తొందర నాకు అర్థమైంది. సీజను మొదలవుతోంది, రైతులు ముందే డబ్బు కట్టి ఉన్నారు. అయినా ఒప్పుకోలేదు. కారణాలు వివరంగా చెప్పాను.

మొదటిది, 2011 నుంచి మన దేశంలో దిగుమతిదారే తన సరుకును తానే అసెస్ చేసుకుంటాడు, అంటే కోడు, డ్యూటీ తానే తేల్చి ప్రకటిస్తాడు. కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ ఆ బాధ్యతను ఆయన మీదే పెట్టింది. 46వ సెక్షన్ కింద బిల్లులో రాసింది నిజమని సంతకం చేసేదీ ఆయనే. 8525 83 అని నిలబెట్టుకుంటే, సరుకులో ఫోటోకాథోడ్ ఉన్నదని ఆయన ప్రకటించినట్టు. అది అబద్ధం. డ్యూటీ తగ్గించుకోవడానికి చెప్పిన అబద్ధం కాకపోయినా అబద్ధమే. ప్రకటనకు సరుకు పొంతన లేకపోతే 111వ సెక్షన్ కింద జప్తుకు కూడా అవకాశం ఉంది.

రెండోది మరీ ముఖ్యం. ఫోటోకాథోడ్ ఉన్న నైట్ విజన్ పరికరాల్లో చాలావాటి మీద ఎన్నో దేశాల్లో ఎగుమతి నియంత్రణలు ఉన్నాయి. ఆ కోడు కింద దిగుమతి చేసినట్టు వ్యాపారి పేరు మీద ఒక రికార్డు ఏర్పడితే, తర్వాత వచ్చే ప్రతి సరుకుకూ, ఆయన ఎవరికి అమ్మాడో అన్న లెక్కకూ అది వెంటాడుతుంది. చెరువు రైతులకు బిల్లులు రాసే షాపు, ఇంటెన్సిఫయర్ ట్యూబుల తుది వినియోగదారుల జాబితా ఎక్కడ నుంచి తెస్తుంది?

సరఫరాదారు వేసిన కోడును గౌరవించాలి కదా అని ఆయన మరోసారి అడిగారు. ఎగుమతి చేసేవాడు తన దేశంలో ఏ కోడు వాడాడన్నది మనకు ఒక సమాచారం మాత్రమే. ఇక్కడ ఏ కోడు చెల్లుతుందో మన టారిఫ్, మన అధికారి తేలుస్తారు. చైనా నుంచి వచ్చే చిన్న సరఫరాదారుల ఇన్వాయిస్‌లలో కోడును అమ్మకాల విభాగం వేస్తుంది. వాళ్లు బ్రోషరులో పెద్దక్షరాలతో ఉన్న మాట చూసి, జాబితాలో అదే మాట ఉన్న గడిని ఎంచుకుంటారు. ఈ కేసులో జరిగింది అదే.

పని చేయని ప్రయత్నాలు

మొదటి సమాధానంగా కేటలాగు, పాత బిల్లులు పంపాం. ఇదే రకం కెమెరాలను ఆ వ్యాపారి 2021లో 8525 80 కింద తెప్పించి ఉన్నారు, అభ్యంతరం రాలేదు. ఈ వాదన నిలవదని నాకు అనుమానం ఉన్నా, సరుకు స్వభావం అధికారికి తెలియడానికి పనికొస్తుందని చేర్చాం. నిలవలేదు. 8525 80 అనే గడి ఇప్పుడు లేదు. ఉన్నప్పుడు అది అన్ని కెమెరాలనూ ఒకే బుట్టలో వేసుకుంది, కాబట్టి పాత క్లియరెన్సు కొత్త విభజన గురించి ఏమీ చెప్పదు. పన్ను విషయాల్లో గతంలో ఒప్పుకున్నారు కనుక ఇప్పుడూ ఒప్పుకోవాలన్న సూత్రం కూడా చెల్లదు.

కేటలాగు మరింత చేటు చేసింది. ప్రతి పేజీ మీదా ‘నైట్ విజన్ 30 మీటర్లు’ అని ఉంది. రెండో క్వెరీలో అధికారి ఆ పేజీనే చూపించి, మీ పత్రమే ఇలా అంటుంటే కోడు మార్చమని ఎలా అడుగుతున్నారని రాశారు. వర్గీకరణలో ఇది తరచుగా ఎదురయ్యే గొడవ: బజారులో ఏ పేరుతో చెలామణి అవుతుందో ఆ పేరే కొలమానం కావాలన్న వాదన. మన కోర్టులు ఆ వాదనకు చాలా సందర్భాల్లో విలువ ఇచ్చాయి. కానీ చట్టమే ఒక మాటకు నిర్వచనం ఇచ్చినప్పుడు బజారు వాడుకకు చోటు ఉండదు. 1995లో వుడ్‌క్రాఫ్ట్ ప్రొడక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు, టారిఫ్ వివాదాల్లో హెచ్‌ఎస్‌ఎన్ (ఈ ఉమ్మడి కోడ్‌ల పద్ధతి) వివరణలు భద్రమైన మార్గదర్శకం అని చెప్పింది. మా కేసులో అంత దూరం కూడా వెళ్లక్కరలేదు. మూడో ఉపశీర్షిక నోటు బయటి వివరణ కాదు, 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం మొదటి షెడ్యూలులో భాగం. సాధారణ వ్యాఖ్యాన నియమాల్లో ఆరోది ఉపశీర్షిక స్థాయిలో తేల్చేటప్పుడు ఆ నోట్లనే చూడమంటుంది. ఈ మాట రెండో సమాధానంలో రాశాం. అధికారి చట్టం గురించి వాదించలేదు. మీ సరుకులో ఫోటోకాథోడ్ లేదని ఆధారం ఏమిటని మాత్రం అడిగారు. న్యాయమైన ప్రశ్న. శాఖ తనంతట తాను కోడు మార్చాలంటే రుజువు భారం శాఖది. తాను ప్రకటించిన కోడును తానే మార్చమని అడిగేవాడికి ఆ భారం తన మీదే ఉంటుంది.

ఇక్కడ రెండు దారులు ఆలోచించి వదిలేశాం. ఒకటి 18వ సెక్షన్ కింద తాత్కాలిక అసెస్‌మెంట్: బాండు, హామీ ఇచ్చి సరుకు తీసుకుపోయి తర్వాత తేల్చుకోవడం. సరుకు రైతుల చేతుల్లోకి వెళ్లాక పరీక్షకు నమూనా కూడా మిగలదు, నెలల తరబడి తలమీద కత్తి వేలాడుతుంది. రెండోది అడ్వాన్స్ రూలింగ్, అంటే కోడు ఏదో ముందుగానే తేల్చి చెప్పమని అడగడం. ఢిల్లీ, ముంబైల్లో ఉన్న అథారిటీలు ఈ పని చేస్తాయి. కానీ అదే ప్రశ్న దరఖాస్తుదారు కేసులో ఏ అధికారి ముందైనా పెండింగులో ఉంటే అథారిటీ దరఖాస్తు తీసుకోదు. సరుకు రాకముందు తట్టవలసిన తలుపు అది.

టేపు పరీక్ష

అధికారి మన ఊళ్లో, మన రేవులో ఉండడు. ఫేస్‌లెస్ పద్ధతిలో బిల్లును దేశంలో మరో నగరంలో ఉన్న అసెస్‌మెంట్ గ్రూపు చూస్తుంది. ఆయన సరుకును చూసే అవకాశం లేదు. సరుకు పెట్టె తెరిచేది రేవు దగ్గరి షెడ్డు అధికారి, ఆయన రాసే ఎగ్జామినేషన్ రిపోర్టే అక్కడివాళ్లకు కళ్లు. అందుకే అసెస్‌మెంట్‌కు ముందే సరుకును తనిఖీ చేయమని అడిగాం. ఏం చూడాలో కూడా రాసి ఇచ్చాం.

షెడ్డులో ఒక గది తలుపులు మూసి, బుల్లెట్ కెమెరా ఒకటి ల్యాప్‌టాప్‌కు తగిలించాం. వెలుతురు తగ్గగానే లోపల ఫిల్టరు కదిలిన చిన్న టక్కుమన్న శబ్దం, తెర నలుపు తెలుపుల్లోకి మారడం, ఎల్‌ఈడీల్లో సన్నని ఎర్రటి మెరుపు. లెన్సు చుట్టూ ఉన్న ఎల్‌ఈడీల మీద నల్ల ఇన్సులేషన్ టేపు అతికించాం. తెర పూర్తిగా నల్లబడింది. టేపు తీస్తే గోడ, పెట్టెలు తిరిగి కనిపించాయి. అంటే ఈ కెమెరా చీకట్లో చూడటం లేదు, తన వెలుతురు తానే వేసుకుంటోంది. అందుబాటులో ఉన్న వెలుతురును వాడుకునేది కాదని షెడ్డు అధికారి ఒప్పుకున్నారు.

స్టార్‌లైట్ కెమెరా దగ్గరకు వచ్చేసరికి ఇదే పరీక్ష ఎదురు తిరిగింది. టేపు వేశాక కూడా, తలుపు సందులోంచి వచ్చే కాస్త వెలుతురులో పెట్టె మీద అక్షరాలు రంగుల్లో కనిపించాయి. అధికారి నావైపు తిరిగి, “ఉన్న వెలుతురునే పెంచి చూపిస్తోంది కదండీ. నోటులో ఉన్నది ఇదే కదా?” అన్నారు.

ఈ కేసులో నేను అన్నిటికన్నా ఎక్కువ గౌరవించిన ప్రశ్న అది. ఎల్‌ఈడీ ఉందా లేదా అన్న గీత గీసుకుని వాదిస్తే, స్టార్‌లైట్ కెమెరాలు 8525 83లోకి జారిపోతాయి. నోటును ముక్కలుగా విడదీసి చూడాలి. వెలుతురును ఎలక్ట్రాన్లుగా మార్చడం ప్రతి డిజిటల్ కెమెరా చేసే పనే. ఎలక్ట్రాన్ల సంకేతాన్ని పెంచడం కూడా ప్రతి డిజిటల్ కెమెరా చేస్తుంది. ఆ రెండూ కొలమానాలైతే ఫోను కెమెరా కూడా నైట్ విజన్ అవుతుంది, 8525 89లో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. విడదీసే మాట ఒక్కటే: ఫోటోకాథోడ్.

ఫోటోకాథోడ్ గాలి తీసేసిన గొట్టంలో ఒక పూత. మూడో తరం ట్యూబుల్లో అది గాలియం ఆర్సెనైడ్. వెలుతురు తగిలినప్పుడు ఆ పూత నుంచి ఎలక్ట్రాను బయటికి, శూన్యంలోకి దూకుతుంది. వేల వోల్టుల స్థాయిలో పెట్టిన విద్యుత్తు దాన్ని లాగుతుంది. సన్నని రంధ్రాల పలకలోంచి వెళ్తూ ఒక్కటి వేలు అవుతుంది. చివర ఫాస్ఫరు తెరను తాకి మెరుస్తుంది. స్టార్‌లైట్ కెమెరాలో ఉన్నది సీమాస్ సెన్సరు, ఫోను కెమెరాల్లో ఉండే తరహా సిలికాన్ చిప్పు. వెలుతురు తగిలినప్పుడు ఎలక్ట్రాను సిలికాన్ లోపలే విడిపోయి, ఆ గడిలోనే నిల్వ అయి, అక్కడికక్కడే వోల్టేజిగా చదవబడుతుంది. సిలికాన్ దాటి బయటికి రాదు. గొట్టం లేదు, శూన్యం లేదు, అధిక వోల్టేజి లేదు. తక్కువ వెలుతురులో బాగా కనిపించడానికి కారణం పెద్ద సెన్సరు, విశాలమైన లెన్సు, లోపలి ప్రాసెసింగు.

ఈ మాటలన్నీ షెడ్డులో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విన్నది రిపోర్టులో రాయలేరు కదా. చూసింది మాత్రమే రాయగలరు. టేపు పరీక్ష బుల్లెట్ కెమెరాలకు సరిపోయింది, మిగతావాటికి చూపించదగ్గ వస్తువు కావాలి.

పనిచేసిన దారి

స్టార్‌లైట్ కెమెరా ఒకటి విప్పడానికి వ్యాపారి ఒప్పుకున్నారు. ముందు అద్దం, దాని వెనక లెన్సు గూడు, నాలుగు స్క్రూలు, వాటి కింద సర్క్యూటు బోర్డు. బోర్డు మధ్యలో గోరంత నల్లటి చతురస్రం, అదే సెన్సరు. గొట్టమేదీ లేదు, గొట్టం పట్టే చోటు కూడా లేదు. విద్యుత్తు వచ్చే తీగ మీద 12 వోల్టులు అని ముద్ర. ఆ విప్పిన కెమెరా ఫోటోలు స్కేలు పెట్టి తీశాం.

సెన్సరు పైముఖాన మోడలు నంబరు కనిపించలేదు. అక్కడ ఆగిపోతే బోర్డు ఫోటోకు విలువ లేదు. అందుకని సరఫరాదారు నుంచి మూడు పత్రాలు తెప్పించాం. మొదటిది తయారీలో వాడిన విడిభాగాల జాబితా, అందులో బోర్డు నంబరు, దాని మీద కూర్చోబెట్టే సెన్సరు మోడలు ఉన్నాయి. బోర్డు నంబరు సర్క్యూటు అంచున ముద్రించి ఉంది, ఫోటోలో చదవగలిగాం, జాబితాతో సరిపోయింది. రెండోది సెన్సరు తయారీదారు ప్రచురించిన సాంకేతిక పత్రం, మొదటి పేజీలోనే అది సీమాస్ సెన్సరు అని ఉంది. మూడోది కెమెరా తయారీదారు సంతకంతో ఒక ప్రకటన: ఫలానా మోడళ్లలో ఫోటోకాథోడ్ గానీ, ఇమేజ్ ఇంటెన్సిఫయర్ ట్యూబు గానీ లేదు. మూడో పత్రం ఒక్కటే పంపి ఉంటే తన సరుకును తానే సమర్థించుకున్నట్టు ఉండేది. మొదటి రెండూ వెన్ను ఇవ్వబట్టే దానికి బలం వచ్చింది. అన్నిటినీ కస్టమ్స్ వారికి ఆన్‌లైన్‌లో పత్రాలు చేర్చే ఇ-సంచిత్‌లో వేసి, ఏ పత్రం ఏ మోడలుకో ఒకే పేజీలో పట్టికగా పెట్టాం.

థర్మల్ కెమెరాలకు నోటులోని రెండో వాక్యమే ఆధారం. అయినా అవి థర్మల్ కెమెరాలే అని చూపించాలి. వాటి లెన్సు జెర్మేనియంతో చేసింది, మామూలు కంటికి అవతల ఏమీ కనిపించదు. కెమెరా ముందు కిటికీ అద్దం ముక్క పట్టుకుంటే అటు నిలబడ్డ మనిషి తెర మీద మాయమైపోయాడు. మామూలు అద్దం ఆ పొడవాటి ఇన్‌ఫ్రారెడ్ తరంగాలను ఆపేస్తుంది. షెడ్డు అధికారి ఇది తన చేత్తో చేసి చూసి రిపోర్టులో రాశారు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాం. ఉష్ణోగ్రతను డిగ్రీల్లో కొలిచే పరికరాలైతే కొలత సాధనాలుండే 90వ అధ్యాయం చర్చ మొదలవుతుంది. మావి చిత్రం మాత్రమే చూపిస్తాయి, అంకెలు చూపవు. ఆ మాట సమాధానంలో ముందే చేర్చాం, ఇంకో క్వెరీకి తావు లేకుండా.

ఎన్‌వీఆర్ పెట్టెలు వేరే వరుసలోకి, వీడియో రికార్డర్ల 8521 కిందకు వెళ్లాయి. వాటి మీద వాదన లేదు.

149వ సెక్షన్ కింద బిల్లు సవరణ అడిగాం. కెమెరాలను మూడు వరుసలుగా విడదీసి, ప్రతి వరుస వర్ణనలో సెన్సరు రకం రాశాం. అన్నీ 8525 89. అసెస్‌మెంట్ గ్రూపు ఒప్పుకుంది, జరిమానా వేయలేదు. డ్యూటీ తప్పించుకునే ప్రయత్నమేదీ లేదని పత్రాల్లోనే కనిపిస్తోంది కాబట్టి కావచ్చు. గోదాము అద్దె మాత్రం వ్యాపారి కట్టుకున్నారు. లాభంలో మంచి భాగం అందులో పోయింది. అది నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే ఇన్వాయిస్ రాసేరోజు ఒక్క గంట శ్రద్ధ పెడితే ఆ డబ్బు మిగిలేది.

ఇప్పుడు పని చేసే తీరు

కెమెరాల సరుకు ఎవరు తెప్పించుకుంటామన్నా ఓడ ఎక్కకముందే ఇన్వాయిస్ ముసాయిదా అడుగుతున్నాను. వర్ణనలో ‘నైట్ విజన్’ అని రాయవద్దని, ‘సీమాస్ సెన్సరు, ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీతో’ అని రాయమని సరఫరాదారుకు చెప్పిస్తున్నాను. పెట్టె మీద బ్రోషరు ఏమన్నా అనవచ్చు, ఇన్వాయిస్ అనకూడదు. విడిభాగాల జాబితా, సెన్సరు పత్రం సరుకు బయలుదేరే ముందే చేతికి రావాలి. డబ్బు పూర్తిగా చేరాక సరఫరాదారుకు పత్రాలు పంపే ఉత్సాహం ఉండదు.

వైఫై ఉన్న కెమెరాలను ఫోన్లు, నెట్‌వర్క్ పరికరాలుండే 8517లోకి నెట్టమని కొందరు సలహా ఇస్తారు, అక్కడ డ్యూటీ తేలిక అన్న ఆశతో. ఆ దారిలో వెళ్లవద్దు. 8525 కిందకు వచ్చే ప్రసార పరికరాలు తనవి కావని 8517 శీర్షికలోనే రాసి ఉంది. కంప్యూటరుకు తగిలించేది కనుక కంప్యూటర్ల కోడు 8471 అన్న వాదనకూ 84వ అధ్యాయం నోటు అడ్డుపడుతుంది. విడిగా వచ్చిన కెమెరాలను ఆ నోటు పేరు పెట్టి బయటికి పంపింది. వైఫై ఉన్నప్పుడు చూడవలసింది డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ పరికరాలకు అనుమతి ఇచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం) ఆమోదం. సీసీటీవీ కెమెరాలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి, బిల్లులోని మోడలు నంబరు నమోదు పత్రంలోని నంబరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. దానికి తోడు 2024 ఏప్రిల్‌లో నోటిఫై చేసిన సైబర్ భద్రత నిబంధనలు 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లో ఉన్నాయి. కోడు సరిగ్గా ఉన్నా ఇవి లేకపోతే సరుకు కదలదు.

నిజంగా 8525 83లోకి వెళ్లే సరుకు మా డెల్టాకు వస్తుందా? ఇంటెన్సిఫయర్ ట్యూబును సెన్సరుకు జోడించిన కెమెరాలు పరిశోధన సంస్థలకు వస్తాయి, షాపులకు రావు. కెమెరా కాని, కంటికి పెట్టుకుని చూసే రాత్రి బైనాక్యులర్లు 9005 వైపు వెళ్తాయి, విడి ట్యూబు 8540లోకి. ఎవరైనా అలాంటిది తెస్తామంటే కోడు కన్నా ముందు అనుమతుల గురించి మాట్లాడతాను.

ఈ కేసుకు ఒక తోక మిగిలింది. థర్మల్ కెమెరాల్లో ఒకటి కొద్ది వారాల్లోనే పాడైంది. సరఫరాదారు వెనక్కి పంపమన్నాడు, వ్యాపారి కొరియరుకు పెట్టె కట్టేశారు. అదృష్టం కొద్దీ ముందు ఫోను చేశారు. దిగుమతిలో అడ్డు లేని వస్తువు ఎగుమతిలో నియంత్రిత వస్తువు కావచ్చు. ఆయుధాలు, సైనికంగానూ వాడగల సరుకుల ఎగుమతిని నియంత్రించే వాసెనార్ ఒప్పందంలో మన దేశం 2017లో చేరింది, మన ఎగుమతి నియంత్రణ జాబితా అయిన స్కోమెట్‌లో ఎనిమిదో వర్గం ఆ నియంత్రణలకు అనుగుణంగా ఉంటుంది. ఈ తరహా థర్మల్ కెమెరాలకు అక్కడ ఫ్రేము రేటు కీలకం: 9 హెర్ట్జ్ లేదా అంతకు తక్కువైతే మినహాయింపు ఉంది. మన దగ్గరున్న సాంకేతిక పత్రం చూస్తే ఈ మోడలు 25 హెర్ట్జ్. మరమ్మతుకు వెనక్కి పంపాలన్నా డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్) అనుమతి సంగతి తేల్చుకోకుండా కొరియరుకు ఇవ్వకూడదు. ఒక్క కెమెరా కోసం ఆ ప్రయాస వద్దనుకుని పాడైన దాన్ని ఇక్కడే ఉంచేశారు. సరఫరాదారు కొత్త యూనిట్ ఉచితంగా పంపాడు. ఉచితమని ఇన్వాయిస్‌లో సున్నా వేయనివ్వలేదు. అసలు ధర చూపించి, అవే సెన్సరు పత్రాలు జతచేసి, 8525 89 కింద డ్యూటీ కట్టాం. ఈసారి క్వెరీ రాలేదు.